ఉర్దూ బీరువాలూ, ఊరకే వచ్చిన సాఫ్ట్‌వేరూ

ఊరకే వచ్చిన వస్తువుతో పడినన్ని తిప్పలు, డబ్బు పెట్టి కొన్న ఏ వస్తువుతోనూ నేను పడలేదు. లైబ్రరీ సైన్సు చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, మీ రోజుల్లో ఓపెన్ సోర్స్‌కు ఎలా మారారు సార్, కాస్త చెప్పండి అని అడుగుతుంటారు. వాళ్లకు కావలసింది సర్వరూ, బ్యాకప్పూ, పాత డేటాను కొత్తదాంట్లోకి ఎక్కించడమూ. అవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. ఎక్కడా దొరకని సంగతి ఒకటి నా దగ్గరుంది, అది చెబుతాను. ఓపిక లేనివాళ్లు ఇక్కడే లేచిపోవచ్చు, నేనేమీ అనుకోను. అనుకున్నా మీకు చెప్పను.

మాది కోస్తా. ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి, ఊరికి ఆ కొసన ఇల్లు కట్టుకుని, ఈ కొసన మొఘల్‌పురాలో పని చేసినవాణ్ణి. రెండు బస్సులు మారి, ఇరుకు సందులో నడిచి, ఒక పాత ఇంటి మెట్లెక్కితే మా శాఖా గ్రంథాలయం. పై అంతస్తు మాది, అద్దెకు. కింద బట్టల మీద జరీ అల్లే జర్దోజీ కార్ఖానా. స్టాఫంతా కలిపి నేనూ, ఒక అటెండరమ్మా. ఆవిడది ఛత్రినాక. భర్త ఉద్యోగంలో ఉండగా పోతే ఆ ఉద్యోగం ఆవిడకిచ్చారు. చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది గానీ నోరు ఎక్కడా ఆగేది కాదు. ఆవిడ లేకపోతే ఆ లైబ్రరీ తలుపులు కూడా తెరుచుకునేవి కావు.

తొంభైల్లోనే మాకో కంప్యూటరు ఇచ్చారు. నల్ల తెర, పచ్చ అక్షరాలు. అందులో లైబ్రరీ ప్రోగ్రాం అమ్మిన ఆయన దానికో తాళం కూడా ఇచ్చాడు. తాళమంటే ప్రింటరు వైరు గుచ్చే చోట పెట్టే వేలెడంత డబ్బీ. అది లేకపోతే ప్రోగ్రాం తెరుచుకోదు. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆ డబ్బీ చచ్చిపోయింది. పట్టుకుని ఆయన దుకాణానికి వెళితే అక్కడ చెప్పులు అమ్ముతున్నారు. మా పుస్తకాల జాబితా మొత్తం ఆ డబ్బీ వెనకాల ఇరుక్కుపోయింది. జాబితా మాది, తాళం ఎవరిదో.

అప్పుడు పై ఆఫీసులో ఎవరో చెప్పారు, ఓపెన్ సోర్స్ అని ఒకటుందట, తాళం ఉండదట, ఎవరైనా తీసుకోవచ్చట, మార్చుకోవచ్చట, పైసా ఇవ్వక్కర్లేదట. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఫైలు పెట్టాను. ఫైలు తిరిగొచ్చింది. ఏ వస్తువు తీసుకున్నా మూడు కొటేషన్లు జతచేయాలి, తక్కువ ధర ఎవరిదైతే వాళ్లకే ఇవ్వాలి, మీరు కొటేషన్లు పెట్టలేదు అని రాశారు. ఇది ఉచితమండీ, కొటేషనేమిటి అని రాశాను. ఉచితమని తెలిపే మూడు కొటేషన్లు జతచేయగలరు అని రాశారు. మీరు నవ్వుతున్నారు, నాకు అప్పుడు నవ్వు రాలేదు. చివరికి కోఠీలో మూడు కంప్యూటరు షాపులు తిరిగి, వస్తువు ధర ఏమీ లేదు, బిగించే కూలి మాత్రం ఇంత అని మూడు కాగితాలు రాయించుకొచ్చాను. మూడో షాపతను నన్ను జాలిగా చూసి చాయ్ ఇప్పించాడు.

బిగించారు. పాత తెలుగు జాబితా ఒకటి వేరే చోట టైపు చేసింది దొరికితే ఎక్కించారు. తెర మీద తెలుగు పుస్తకాలన్నీ కొమ్ములూ కోరలూ ఉన్న ఇంగ్లీషు గుర్తులై కనిపించాయి. పాత ఫాంటు కొత్తదాంట్లో పనిచేయదట. అన్నీ మళ్లీ చేత్తో కొట్టుకున్నాం. పుస్తకం పుస్తకానికీ గీతల స్టిక్కరు అతికించాం. అటెండరమ్మ చేతికి స్కానరు ఇచ్చారు. గీతల మీద ఎర్ర వెలుగు పడగానే అది బీప్‌మనేది. ఆవిడకు ఆ బీప్ మహా ఇష్టం. ఇంతవరకూ జరిగింది ఏ ఆఫీసులోనైనా జరిగేదే. అసలు లొల్లి ఉర్దూ బీరువాల దగ్గర మొదలైంది.

మా హాల్లో ఒక గోడ పొడుగునా ఉర్దూ పుస్తకాల బీరువాలు ఉండేవి. ఆ సందులోనే ఉండిన ఒక పాత కుటుంబం ఇల్లు అమ్ముకుని వెళ్లిపోతూ లైబ్రరీకి ఇచ్చిన పుస్తకాలవి. ఇచ్చేటప్పుడు వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. పుస్తకం మెట్లు దిగకూడదు, చదవాలనుకున్నవాళ్లే మెట్లెక్కాలి. నాకు ముందు పనిచేసినవాళ్లంతా దాన్ని పాటించారు. నేనూ పాటించాను. వాటిని ఇంటికి ఇచ్చే పద్ధతే లేదు కాబట్టి వాటికి లెక్కా లేదు. బీరువా తెరిచి ఉండేది, కావలసినవాళ్లు తీసి చదివి బల్ల మీద పెట్టేవాళ్లు, అటెండరమ్మ మళ్లీ సర్దేది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక అక్కడ ఒక సభ నడిచేది. వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకాయన, అందరూ ఘడీసాబ్ అనేవాళ్లు, దుకాణం కాసేపు మూసి వచ్చేవాడు. ఒక పెద్ద దాస్తాన్ తీసేవాడు. దాస్తాన్ అంటే జిల్దుల కొద్దీ, అంటే సంపుటాల కొద్దీ, సాగే మాయల మంత్రాల కథ. దాన్ని పైకి చదివేవాడు. చుట్టూ నలుగురైదుగురు వినేవాళ్లు. రాత్రంతా రొట్టెలు కాల్చి వచ్చిన బేకరీ పనివాళ్లు, కింద కార్ఖానాలో కళ్లు మసకబారి పని మానేసిన ముసలాయన, ఇంకా ఒకరిద్దరు. వాళ్లలో చాలామందికి చదవడం రాదు. అందరికంటే ముందు వచ్చి కూర్చునేవాడు మాత్రం ఛత్రినాక నుంచి వచ్చే పాల బాపు. సైకిలుకు ఖాళీ క్యాన్లు కట్టి కింద నిలబెట్టి వచ్చేవాడు. పొద్దుటి పాలు పోసి వచ్చాక, సాయంత్రం పాలు పిండేదాకా ఆయనకు అదే తీరిక. ఏ భాషలోనూ అక్షరం రాదు గానీ పుట్టినప్పటి నుంచీ పాతబస్తీలోనే కాబట్టి ఉర్దూ చెవికి తెలుసు. ఘడీసాబ్ చదువుతూ చదువుతూ ఫారసీ మాట తగిలితే ఆగి మామూలు మాటల్లో చెప్పేవాడు, అప్పటికీ పాల బాపు మొహం తేటపడకపోతే తెలుగులో చెప్పేవాడు. ఒక్కో వాక్యం మూడు భాషలు దాటి వెళ్లేది.

మొదట్లో నాకది చిరాకుగానే ఉండేది. గోడ మీద ‘నిశ్శబ్దం’ అని బోర్డుంది, దాని కిందే ఈ గోల. ఒకటి రెండుసార్లు చెప్పి చూశాను. ఘడీసాబ్ మర్యాదగా గొంతు తగ్గించేవాడు, వినేవాళ్లు కుర్చీలు దగ్గరికి జరుపుకునేవాళ్లు, కథ వేడెక్కగానే గొంతు మళ్లీ లేచేది. తరవాత తరవాత నాకూ అలవాటై, లెక్కలు రాసుకుంటూ ఒక చెవి అటు వేసేవాణ్ణి. మేం సాఫ్ట్‌వేరు మార్చిన నాటికి కథ మంచి పట్టులో ఉంది. ఒక రాకుమారుణ్ణి మంత్రగత్తె అద్దాల కోటలో పెట్టి మూసింది. ఏ అద్దంలో చూసినా తలుపు కనబడుతుంది, చెయ్యి పెడితే అద్దమే.

అంతా సిద్ధమైందని కబురు పంపితే పై ఆఫీసరు చూడడానికి వచ్చాడు. చిన్న వయసు, మంచి మనిషి, కంప్యూటరంటే ప్రాణం. నా కుర్చీలో కూర్చుని ఆయనే బటన్లు నొక్కాడు. ఏ బీరువాలో పుస్తకం ఎన్నిసార్లు ఎవరికి వెళ్లింది అనే రిపోర్టు తీశాడు. రిజిస్టర్లలో ఉన్న పాత ఇష్యూల లెక్కలు కూడా మేం ఎక్కించాం కాబట్టి తెలుగు బీరువాలకూ ఇంగ్లీషు బీరువాలకూ అంకెలు వచ్చాయి. ఉర్దూ బీరువాల పేజీలన్నీ ఖాళీ.

ఇవి ఇంటికివ్వం సార్, ఇక్కడే కూర్చుని చదువుతారు అని చెప్పాను. ఆయన విన్నాడు. వినలేదని నేను అనను. విని, ఎంతో మృదువుగా అన్నాడు.

"చదివితే సిస్టంలో ఉండాలి కదండీ. సిస్టంలో లేనిదాన్ని పైవాళ్లకు నేనెలా చూపించను?"

ఆయన బాధ ఆయనకుంది. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు చోటు చాలక మా మెట్ల మీద కూర్చుంటున్న మాట నిజం. ఉర్దూ బీరువాలు మెయిన్ లైబ్రరీ గోడౌనుకు తరలిస్తే ఆ గోడకు బెంచీలు వేయొచ్చన్నాడు. గోడౌను నేను చూశాను. అక్కడికి వెళ్లిన పుస్తకాన్ని ఎలుకలు తప్ప ఎవరూ చదవలేదు. మెట్లు దిగకూడదన్న షరతు సంగతి చెబితే, అది కాగితం మీద ఉందా అన్నాడు, లేదు. బెంచీలు ఇంకో వైపు వేయిద్దాం సార్, పాత పేపర్ల గది ఖాళీ చేసిస్తాను అన్నాను. చూద్దాం, ముందు లెక్క తేలనివ్వండి అని వెళ్లిపోయాడు.

ఈ సాఫ్ట్‌వేరు వాడేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారనీ, వాళ్లకు ఈమెయిల్ రాస్తే జవాబిస్తారనీ బిగించినవాడు చెప్పి వెళ్లాడు. ఉన్న ఇంగ్లీషంతా కూడదీసుకుని, మా పాఠకులు ఇక్కడే చదువుతారు, దాన్ని మీ మిషన్లో రాసే దారి ఏదైనా ఉందా అని రాశాను. మర్నాటికే ఎవరో ఒకావిడ జవాబు రాసింది. వాళ్ల ఊళ్లో మంచు కురుస్తోందట. లోపలే చదివిన పుస్తకాన్ని లెక్కపెట్టే ఏర్పాటు అందులో ఉండనే ఉందట, ఫలానా చోట ఒక గడిలో టిక్కు పెడితే చాలట. మొదటి రోజు నుంచీ ఉందన్నమాట. బిగించినవాడికి ఫోన్ చేసి ఎందుకు చెప్పలేదయ్యా అంటే, మీరు అడగలేదు కద్సార్ అన్నాడు. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేకపోయాను.

టిక్కు పెట్టాం. బల్ల మీద వదిలిన ప్రతి పుస్తకాన్నీ సర్దేముందు అటెండరమ్మ ఒకసారి బీప్ కొట్టేది. లెక్క మిషన్లోకి వెళ్లేది. నెల గడిచాక రిపోర్టు తీసి, గర్వంగా ఆఫీసరుకు పట్టుకెళ్లాను. ఆయన చూసి నిజంగా సంతోషించాడు.

"అయితే ఈ దాస్తాన్ సెట్టు బాగా వాడుతున్నారన్నమాట. దీన్ని ఉంచేద్దాం. మిగతావి పంపేద్దాం."

నిజమే కదా మరి. వాళ్లు ఏళ్ల తరబడి చదువుతున్నది ఆ ఒక్క కథే. ఎప్పుడో ఒకసారి ఎవరో వచ్చి వైద్యం పుస్తకమో, పాత కవుల పుస్తకమో తీసి చూసుకుని పోతారు. వాళ్లు ఎప్పుడొస్తారో ఎవరికి తెలుసు? వచ్చినప్పుడు ఆ పుస్తకం అక్కడ ఉండడమే లైబ్రరీ అంటే. ఈ మాట అప్పుడు నోటికి రాలేదు, బస్సులో ఇంటికి వెళుతుంటే వచ్చింది. మంచి మాటలన్నీ నాకు బస్సులోనే వస్తాయి. బోనాలు అయిన తరవాతి వారం వ్యాను పంపిస్తాను, అప్పటికి ఏ పుస్తకానికి లెక్క ఉంటే అది ఉంటుంది, లేనిది వెళ్లిపోతుంది అని ఆయన తేల్చేశాడు.

ఇక్కడ అటెండరమ్మ ఒక ఉపాయం చెప్పింది. రోజుకో వరస కిందికి దించి, బీప్ కొట్టి, మళ్లీ పైన పెట్టేస్తే సరి, ఎవరు చూసొచ్చిండ్రు సార్ అంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సరేనన్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ బీరువా ముందు నిలబడి బీప్ బీప్‌మనిపిస్తుంటే ఘడీసాబ్ చదవడం ఆపి, ఏమిటది అని అడిగాడు. చెప్పాం. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"జో కితాబ్ పఢే నై, ఉస్కో పఢే బోల్‌కే లిఖ్‌నా ఝూట్ హై సాబ్. ఇచ్చినోళ్లకు రేపు ఏం జవాబు చెప్తం?"

నాకు ఒళ్లు మండింది. ఆ బీరువాలు పోతే మధ్యాహ్నం కూర్చునే చోటు పోయేది ఆయనకు. ఎక్కే మెట్టూ దిగే మెట్టూ, రాసే కాగితాలూ నావి. చదవని పుస్తకం చదివారని రాస్తే ఎవరికి నష్టం? ఇచ్చినవాళ్లు ఏ దేశంలో ఉన్నారో కూడా ఎవరికీ తెలియదు. గట్టిగానే అన్నాను. ఆయన కోప్పడలేదు, జంకనూ లేదు. తనే చదువుతానన్నాడు. ప్రతి పుస్తకం నుంచీ కనీసం ఒక పేజీ, పైకి, నలుగురూ వినేలా చదువుతాననీ, అప్పుడు బీప్ కొట్టుకోవచ్చనీ అన్నాడు. బీరువాలు నిండుగా ఉన్నాయి, బోనాలు దగ్గర పడుతున్నాయి. ఆయనకున్నది మధ్యాహ్నం కాస్త తీరికే. అంటే అద్దాల కోట పక్కన పెట్టాల్సిందే.

ఆ తరవాత మా లైబ్రరీలో వినబడిన సంగతులు ఏ లైబ్రరీలోనూ ఎవరూ విని ఉండరు. సున్నపురాయితో మందు కాచే విధానం, దాని తరవాత త్రిభుజాల కొలతలు, ఆ వెంటనే కోళ్లకు దాణా. ఎప్పుడో మూతపడ్డ రైలు మార్గంలో ఏ స్టేషనులో భోజనం బాగుంటుందో ఒక రోజు చదివారు. కౌలు చట్టం ఒక పేజీ, అందమైన చేతిరాతకు కలం చెక్కుకునే పద్ధతి ఒక పేజీ. ఘడీసాబ్ అన్నిటినీ దాస్తాన్ చదివినంత శ్రద్ధగానే చదివేవాడు, కష్టమైన మాటకు ఆగి అర్థం చెప్పేవాడు. వినేవాళ్లు మొదటి రెండు మూడు రోజులు నవ్వుకున్నారు. తరవాత ఆవలించారు. బేకరీ పనివాళ్లు కుర్చీల్లోనే నిద్రపోవడం మొదలుపెట్టారు, ఆ పైన ఆ నిద్రేదో ఇంట్లోనే పోదామని రావడం మానేశారు.

పాల బాపు మాత్రం ఓర్చుకున్నాడు. రోజూ కూర్చునేవాడు, రేపు కత ఉంటదా అని అడిగి వెళ్లేవాడు. ఒకనాడు ఘడీసాబ్ వంతుకు పశువైద్యం పుస్తకం వచ్చింది. ఒక పేజీ అయ్యేలోపే పాల బాపు లేచి తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సారు, నేను లేస్తె బర్రెలు, పంటె బర్రెలు. నడుమ ఈ గంటసేపే నాకు బర్రెలు లేని జాగ. గిప్పుడు ఈడ గూడ బర్రెల రోగాలేనా?"

కుర్చీ వేసి కూర్చోబెట్టి, వ్యాను సంగతీ, లెక్క సంగతీ అంతా చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు.

"బీరువలు ఉండాలె, నేను వద్దంటలేను. మరి ఆ పిల్లగాడు అద్దాల కోటల ఎన్నొద్దులుండాలె? రాత్రి పంటె వాడే యాదికొస్తుండు."

ఇంకొన్నాళ్లే బాపూ అన్నాను. కత మళ్ల షురూ అయినంక కబురు పంపుండ్రి అని చెప్పి మెట్లు దిగి వెళ్లాడు. మర్నాటి నుంచి ఆయన కుర్చీ ఖాళీ.

ఆ పైన ఘడీసాబ్ ఖాళీ కుర్చీలకే చదివాడు. మనసులో చదువుకోవచ్చు కదా సాబ్ అంటే, పైకే చదువుతానని మాట ఇచ్చాను అన్నాడు. వినేవాళ్లు లేకపోయినా కష్టమైన మాట దగ్గర అలవాటుగా ఆగేవాడు, ఎదురుగా ఎవరూ లేరని గుర్తొచ్చి ముందుకు సాగేవాడు. అది చూడడం నాకు కష్టంగా ఉండేది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలిసేది కాదు. ఆఫీసరు చెడ్డవాడు కాదు. మిషను అడిగినదానికి జవాబు చెబుతోంది. ఘడీసాబ్ అబద్ధమాడనంటున్నాడు. అందరూ సవ్యంగానే ఉన్నారు, సభ మాత్రం చెడిపోయింది. ఆ చిరాకంతా పాపం అటెండరమ్మ మీద పడేది. ఆవిడ నాకంటే రెండు మాటలు ఎక్కువే అనేది కాబట్టి లెక్క సరిపోయేది.

బోనాలు అయిపోయాయి. వ్యాను వచ్చే రోజు వచ్చింది. ఆఖరి బీరువాలో కింది వరస ఇంకా మిగిలే ఉంది. ఆ రోజు ఘడీసాబ్ దుకాణం తెరవనే లేదు, మేం తాళం తీసేసరికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచీ చదువుతున్నాడు. వ్యాను సందులోకి రాలేక మలుపు దగ్గర ఆగింది. ఆఫీసరు నడిచి వచ్చి మెట్లెక్కి, రిపోర్టు తీద్దామా అన్నాడు. అప్పుడే కరెంటు పోయింది.

యూపీఎస్ బ్యాటరీ అంతకు ముందే పోయి ఉంది. కొత్తదాని కోసం పెట్టిన ఫైలు మూడు కొటేషన్ల దగ్గర ఆగి ఉంది. నేను ఆఫీసరుకు ఇరానీ హోటలు నుంచి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాను. ఆయన ఓపికగా కూర్చుని, ఇక ముందు అన్ని లైబ్రరీలూ ఒకే తీగ మీద ఎలా కలుస్తాయో నాకు చెప్పసాగాడు. నా చెవులు వెనక బల్ల దగ్గరే ఉన్నాయి. ఘడీసాబ్ కిటికీ వెలుతురుకు పుస్తకం ఎత్తిపట్టి చదువుతున్నాడు. ఒక పేజీ చదివి మూసి పక్కన పెడతాడు, ఇంకోటి తీస్తాడు. అటెండరమ్మ వాటిని దొంతి పేరుస్తోంది. గొంతు బొంగురుపోయింది, ఆపలేదు. ఆఫీసరు మాట మధ్యలో ఆపి అటు తిరిగి చూశాడు.

"ఎవరండీ ఆయన, అలా పైకి చదువుతారేం? లైబ్రరీలో సైలెన్స్ ఉండాలి కదా."

జీవితంలో నేను నోటిదాకా వచ్చిన మాట మింగిన సందర్భాలు చాలా ఉన్నాయి. దాన్ని మింగినంత కష్టంగా ఇంకేదీ మింగలేదు. పాఠకుడు సార్, పెద్దాయన, చెవులు సరిగ్గా వినబడవు అన్నాను. ఘడీసాబ్‌వి పాము చెవులు. ఆయన నా వైపు ఒక చూపు చూసి, గొంతు కాస్త తగ్గించి, చదువుతూనే ఉన్నాడు.

కరెంటు వచ్చేసరికి దొంతి పూర్తయింది. కంప్యూటరు లేచేలోపు ఆఫీసరు ఫోన్ మాట్లాడుతూ కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఆయన వెనక్కి తిరిగేలోపే అటెండరమ్మ ఆ దొంతిని బీప్ బీప్‌మని ముగించింది. రిపోర్టు వచ్చింది. ఏ గడీ ఖాళీ లేదు. ఆయన కాగితం మీద వేలు పెట్టి కిందిదాకా జరిపాడు. మొహం విచ్చుకుంది. చూశారా, మనుషులు చదవలేదనుకున్నాం, సిస్టం సరిగ్గా వాడితే నిజం బయటికి వచ్చింది అన్నాడు. ఆయన చుట్టూ కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. వాటి వైపు చూడలేదు. పాత పేపర్ల గదిలో బెంచీలు వేయించడానికి ఒప్పుకుని, వ్యానును వెనక్కి పంపి, వచ్చే మీటింగులో మా శాఖ గురించి చెబుతానని చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

నాకు సంతోషం కలగలేదు. గెలిచామని తెలుసు, ఏం గెలిచామో తెలియలేదు. ఘడీసాబ్ బల్ల తుడిచి, దాస్తాన్ జిల్దు తీసి, దారం పెట్టిన చోట తెరిచి, మూసి ఇంటికి వెళ్లాడు.

ఆ సాయంత్రం అటెండరమ్మ ఇంటికి వెళుతూ పాల బాపుకు కబురు చెప్పి, మర్నాడు జవాబు పట్టుకొచ్చింది. రాడట.

"కత ఆయనే ముగించుకున్నడంట సార్, పాలు పిండుకుంట పిండుకుంట. ఆ పిల్లగాన్ని ఇంటికి తోలిండంట. గిప్పుడొచ్చి వింటె పుస్తకంల అది వేరే తీరుగ ఉంటె మల్ల పాణం కొట్టుకుంటదంటుండు."

నేను ఘడీసాబ్ మొహం చూడలేకపోయాను. ఇన్నాళ్లూ ఆయన గొంతు అరగదీసుకున్నది ఎవరి కోసం? వినేవాడే కథ తెంచుకుని వెళ్లిపోయాడు. ఘడీసాబ్ దాస్తాన్ జిల్దును చేత్తో నిమిరి, బీరువాలో పెట్టి, తలుపు వేశాడు. అప్పుడు అటెండరమ్మతో అన్నాడు.

"తో ఆకో సునావ్ బోలో. మై సున్‌నే బైఠ్తౌ."

వచ్చి ఆ కథ చెప్పమను, వినడానికి నేను కూర్చుంటాను అని. ఆవిడ ఆ కబురు పాల బాపుకు ఒక్కడికే చెప్పి ఊరుకునే మనిషి కాదు. బేకరీలో చెప్పింది, కింద కార్ఖానాలో చెప్పింది. రెండు రోజుల తరవాత మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మానేసినవాళ్లంతా వచ్చారు. అందరి వెనకాల పాల బాపు, కొత్త పెళ్లికొడుకులా తల వంచుకుని, ఉతికిన అంగీ వేసుకుని వచ్చాడు. ఘడీసాబ్ తన కుర్చీ ఆయనకిచ్చి, ఆయన ఎప్పుడూ కూర్చునే కుర్చీలో తను కూర్చున్నాడు.

పాల బాపు కాసేపు గొంతు సవరించుకున్నాడు. పుస్తకం లేకుండా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తరవాత మొదలుపెట్టాడు. ఆయన రాకుమారుడు అద్దాల కోటలో మంత్రాలేమీ చదవలేదు. ఆకలైతే అమ్మ గుర్తొచ్చి ఏడ్చాడు. ఏడ్చినప్పుడు ఊపిరికి ఒక్క అద్దం తప్ప అన్నీ మసకబారాయి, మసకబారనిది తలుపు. ఫారసీ మాట ఒక్కటీ లేదు. ఒకచోట ఆయన తెలుగులో ఏదో అంటే బేకరీ మనిషికి అర్థం కాలేదు. ఘడీసాబ్ పక్కకు వంగి ఆ మాటను ఉర్దూలో చెప్పాడు. అసలు పుస్తకంలో ఆ కథ ఎలా ముగుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఘడీసాబ్‌కు తెలుసు. నేను అడగలేదు, ఆయన ఎవరికీ చెప్పలేదు.

నేను లెక్కల కాగితం పక్కన పడేసి విన్నాను. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోను. అప్పుడు అటెండరమ్మ స్కానరు చేత్తో పట్టుకుని పిల్లిలా నా పక్కకు వచ్చి నిలబడింది. బల్ల వైపు చూసింది. బల్ల మీద పుస్తకం లేదు.

"సార్, గిది ఏ పుస్తకం కింద కొట్టాలె?"

"కొట్టొద్దమ్మా," అన్నాను. "అది అక్కడ పెట్టేసి, ఆ కుర్చీ ఇటు లాక్కుని కూర్చో."